ఫార్మ్‌స్టోన్ తీయొచ్చు, కానీ ముందు దాని వెనక ఇటుకను చూడండి

అమెరికాలోని బాల్టిమోర్‌లో 1915 నాటి రోహౌస్ (పక్కిళ్లతో గోడలు కలిపి వరుసగా కట్టిన ఇల్లు) చూశామని, లోపలంతా కొత్తగా చేసినా ముందు గోడకు ఇంకా ఫార్మ్‌స్టోన్ ఉందని, అది తీసేస్తే ఇంటికి మంచిదేనా అని అడిగారు. మేం అలాంటి ఇల్లే కొని ఆ పని చేయించాం. తీయొచ్చు. కాకపోతే మాకు తీయడానికి అయిన ఖర్చు కంటే, తీశాక ఇటుకను బాగుచేయడానికే ఎక్కువైంది.

ఫార్మ్‌స్టోన్ రాయి కాదు. ఇటుక గోడకు ఇనుప జాలీని మేకులతో కొట్టి, దానిమీద పొరలు పొరలుగా సిమెంటు పూసి, రంగులద్ది, రాళ్లు పేర్చినట్టు గీతలు గీస్తారు. ఆల్బర్ట్ నైట్ అనే ఆయన 1937లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఇక ఇటుకకు మాటిమాటికీ రంగు వేయక్కర్లేదని వీధులకు వీధులే దీన్ని వేయించుకున్నాయి. వాళ్లను తప్పుపట్టలేను. ఆ ఇటుక మెత్తనిది, నీరు పీల్చేది. కానీ ఇప్పుడు జాలీ లాగితే ప్రతి మేకు దగ్గరా ఒక చిల్లు, అక్కడక్కడా విరిగిన అంచు మిగులుతాయి.

అసలు టెన్షన్ మాకు వెనక గోడతో వచ్చింది. మాకంటే ముందు ఇల్లు రీమోడల్ చేసినవాళ్లు ఇటుకల సందుల్లో సిమెంటు నింపారు. మేస్త్రీ మమ్మల్ని పిలిచి చూపించాడు. పాత సున్నం ఉన్నచోట ఇటుక చక్కగా ఉంది, సిమెంటు నింపినచోట పెచ్చులుగా ఊడిపోతోంది. సున్నం ఇటుక కంటే మెత్తన, తేమ దానిగుండా బయటికి పోతుంది. సిమెంటు దారి మూసేస్తే తేమ ఇటుకలోనే ఆగి, చలికాలంలో గడ్డకట్టి పైపొరను పగలగొడుతుంది. మా తాతగారి ఊళ్లో గానుగ సున్నంతో కట్టిన గోడలు చూస్తూ పెరిగినదాన్ని, నాకది వెంటనే అర్థమైంది. సిమెంటంతా చేత్తో తొలిపించి, మళ్లీ సున్నమే పెట్టించాం. కాబట్టి సున్నంతో పనిచేసిన అనుభవం ఉన్న మేస్త్రీనే వెతుక్కోండి.

లోపలి కొత్త వంటగది చూసి మురిసిపోకముందు పక్కిళ్లు చూడండి. ఈ ఇళ్లలో దూలాలు ఒక ఉమ్మడి గోడ నుంచి ఇంకో ఉమ్మడి గోడకు ఉంటాయి. పక్కిల్లు ఖాళీగా పడి దాని కప్పు కారుతుంటే, ఆ నీళ్లు మీ గోడలోకే వస్తాయి. గ్రౌండ్ రెంట్ ఉందేమో కూడా కనుక్కోండి. ఇల్లు మీదైనా, కింద నేల వేరేవాళ్లది కావచ్చు. మీ వీధి నగరపు చారిత్రక ప్రాంతంలో ఉంటే ముందు గోడ ముట్టుకోవడానికి అనుమతి కావాలి. అలాంటి పాత ఇంటిని బాగుచేసినందుకు ఇచ్చే ఆస్తిపన్ను రాయితీకి కూడా పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేయాలి.

మీ ముందు మెట్లు తెల్ల చలువరాయివైతే ఇంకో మాట. చాలావరకు అది దగ్గరలోని కాకీస్‌విల్ రాయి, ఈ ఊళ్లోని వాషింగ్టన్ స్మారక స్తంభానికీ అదే వాడారు. ఇటుక కడగడానికి కొందరు యాసిడ్ వాడతారు, అది పడితే చలువరాయి కరుగుతుంది. పనివాళ్లు రాకముందే మెట్లన్నీ పట్టా కప్పి కట్టేయండి. మేం పైరెండే కప్పాం. కింది మెట్టు ఒక మూల ఇప్పటికీ గరుకుగానే ఉంది.