రాయమన్నవాడి పేరు కూడా పడాలి

అమ్మలూ,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, మిర్చి ఎగుమతిదారులకి సరుకు జాడ రాసే బ్లాక్‌చైన్ అనే కంప్యూటర్ చిట్టా పెడతావట. నిన్న మీ నాన్న ఫోన్ చేసి నన్నే తిట్టాడు, చిన్నప్పుడు నిన్ను మిర్చి యార్డుకి తిప్పింది నేనేనని. లోలోపల మురిసిపోయాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఆడిటర్ సంగతులు నీకు తెలుసు. ఇంటి మీద మాత్రం అప్పు తేవద్దు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ప్రతి నమోదులోనూ దాని ముందుదాని గుర్తు ఉంటుంది కాబట్టి, పాతది మారిస్తే పట్టుబడుతుంది. బాగుంది. మరి మొదటిసారే తప్పు రాస్తే?

నేను గుమస్తాగా ఉన్న రోజుల్లో మా ఎగుమతి సంస్థ కంటైనర్ ఒకటి యూరప్ నుంచి తిరిగొచ్చింది. అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, ఉందని. అక్కడ కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోరు. మేం పరీక్షకి పంపిన మచ్చు శుభ్రంగా ఉంది. తేజ రకం, బాగా ఎండిన కాయ. కోల్డ్ స్టోరేజీ రసీదు, లారీ కాగితాలు అన్నీ సరే. ఆరా తీస్తే తేలింది: లోడింగ్ రోజు నలభై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తగ్గాయి. ఓడ తేదీ దాటిపోతుందని యజమాని పక్క కమీషన్ కొట్లోంచి సరుకు తెప్పించి, మా లాట్ నంబరే వేయించాడు. అది కళ్లంలో వానకి తడిసి ఆరిన కాయ. దొంగ సంతకం ఎవరూ పెట్టలేదమ్మా. సర్దుదాం అన్నారు, సర్దారు. చివరికి తప్పంతా నంబరు వేసిన కూలీ మీదికి తోశారు. ఆ సీజనంతా అతనికి యార్డులో పని దొరకలేదు. నీ బ్లాక్‌చైన్ ఆ రోజు ఉండుంటే, ఆ అబద్ధపు నంబరుని చెరిగిపోకుండా భద్రంగా దాచిపెట్టేది.

అందుకని లాట్లు కలిపితే కొత్త నంబరు పడాలి, పాతవి రెండూ అందులో కనపడాలి. లోడింగప్పుడు మచ్చు మళ్లీ తియ్యాలి. పొరపాటు పడ్డ గుమస్తా దాని కిందే సవరణ రాసుకోగలగాలి, లేకపోతే భయపడి అసలు రాయడు. రాసినవాడి పేరు పక్కన రాయమన్నవాడి పేరూ పడాలి. ఇదొక్కటి లేకపోతే నా దగ్గరికి రావద్దు.

వాల్‌మార్ట్ వాళ్లు బ్లాక్‌చైన్‌తో మామిడి ముక్కల జాడ తీసే పనిని ఏడు రోజుల నుంచి 2.2 సెకన్లకి తగ్గించారని మురిసిపోతున్నావు. వాల్‌మార్ట్ అడిగితే సరుకిచ్చేవాడు కాదనలేడు. నువ్వడిగితే మన కమీషన్ వ్యాపారి టీ ఇచ్చి పంపిస్తాడు. ఓడల కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చైన్ చిట్టానే 2022 నవంబరులో ఆపేస్తున్నామని ప్రకటించారు, పరిశ్రమంతా కలిసిరాలేదట. పోటీదారుడి చిట్టాలో తన లెక్క రాయడానికి ఎవడికి మనసొప్పుతుంది?

ఫిబ్రవరిలో రా. ల్యాప్‌టాప్ తియ్యకుండా కాటా దగ్గర కూర్చో. ఆ ఘాటు నీకు పడదు, ఇన్‌హేలర్ మర్చిపోకు తల్లీ. గుంటూరులో గదికి అడ్వాన్సు ఇచ్చావంటే ఊరుకోను, మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. వైఫై పెట్టిస్తాను, బిల్లు నువ్వు కట్టుకో.

పెదనాన్న