సమాధానం: మెట్రో టికెట్‌తో ఓర్లీ ట్రామ్ ఎందుకు ఎక్కకూడదు

పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయానికి వెళ్తూ మెట్రో టికెట్‌తోనే టీ7 ట్రామ్ ఎక్కితే జరిమానా పడిందని మీరన్నారు. పారిస్‌లో 2025 జనవరి నుంచి మెట్రో-రైలు టికెట్ వేరు, బస్సు-ట్రామ్ టికెట్ వేరు. ఒకదానిపై ఇంకోదానికి మారడం కుదరదు. నావిగో ఈజీ కార్డులో (టికెట్లు నింపుకునే ప్రయాణ కార్డు) రెండు రకాలూ ముందే వేయించుకోండి. ట్రామ్‌కి మళ్ళీ కార్డు తాకించాలి.

టీ7 ట్రామ్ మొదలయ్యే చోటికి వెళ్ళేది మెట్రో 7. అందులో బోర్డు చూసి "విల్‌జ్విఫ్ – లూయీ అరగాఁ" బండే ఎక్కండి. మేజోఁ బ్లాంష్ దగ్గర లైను చీలుతుంది, రెండో కొమ్మ ఇవ్రీకి పోతుంది. పొరపాటున ఎక్కితే వెనక్కి మేజోఁ బ్లాంష్‌కే రావాలి.

విల్‌జ్విఫ్ నుంచి ఓర్లీకి ట్రామ్‌లో సుమారు అరగంట. స్టాపు టెర్మినల్ 4 దగ్గర. తొందరుంటే నేరుగా ఓర్లీకి పోయే 14వ మెట్రో ఎక్కండి. దానికి కావలసిన విమానాశ్రయ టికెట్ ఖరీదెక్కువే, కానీ పెద్ద సామానుతో అదే మేలు.