బర్న్స్ యూనిట్ ఇంటర్వ్యూకి జనరల్ వార్డు అనుభవం సరిపోతుందా?

నర్సుగా రెండేళ్లు జనరల్ వార్డులో చేశారు, వచ్చే వారం చెన్నైలో ఇంటర్వ్యూ, కాలిన పేషెంట్‌ని ఎప్పుడూ చూసుకోలేదని టెన్షన్ అంటున్నారు. సరిపోతుందండీ. నేను ఇక్కడే బర్న్స్‌లో చేస్తున్నాను, కొత్తవాళ్ల ఇంటర్వ్యూల్లో కూడా కూర్చున్నాను.

లెక్క తప్పకుండా అడుగుతారు. రూల్ ఆఫ్ నైన్స్ (ఒంట్లో ఎంత శాతం కాలిందో అంచనా వేసే పద్ధతి), పార్క్‌లాండ్ ఫార్ములా (ఎంత ఫ్లూయిడ్ ఎక్కించాలో తేల్చే లెక్క) అందరూ బట్టీ పట్టి వస్తారు గానీ కాగితం చేతికిస్తే ఆగిపోతారు. 60 కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకోండి. కిలోకి, ఒక్కో శాతానికి 4 మి.లీ. చొప్పున 4 × 60 × 30, అంటే 24 గంటల్లో 7,200 మి.లీ. రింగర్ లాక్టేట్ (సెలైన్‌లా నరంలోకి ఎక్కించే ద్రవం), అందులో సగం మొదటి 8 గంటల్లో. ఆ 8 గంటలు కాలినప్పటి నుంచి, మన దగ్గరికి వచ్చినప్పటి నుంచి కాదు. సూళ్లూరుపేట నుంచి 2 గంటలు ప్రయాణం చేసి, దారిలో ఫ్లూయిడ్ ఏమీ ఎక్కకుండా వచ్చాడంటే ఆ 3,600 మిగిలిన 6 గంటల్లో వెళ్లాలి, గంటకు 600. యూరిన్ గంటకు 30 మి.లీ. అయినా వస్తుందా అని చూస్తూ డాక్టర్‌కి చెబుతానని మీరే కలపండి. అసలు వీటన్నిటికంటే ముందు ఎయిర్‌వే, అంటే ఊపిరి ఆడే దారి: గొంతు బొంగురు పోయిందా, ముక్కు వెంట్రుకలు మాడాయా, కఫంలో మసి ఉందా.

నా దృష్టిలో ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ తేల్చే ప్రశ్న వేరు. డ్రెస్సింగ్ మధ్యలో పేషెంట్ ఏడ్చి ఆపేయమంటే ఏం చేస్తారు? "ధైర్యం చెబుతాను" అని ఊరుకోకండి. నేను చూసుకున్న ఒకావిడ డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే మంచం రెయిలింగ్ గట్టిగా పట్టుకునేది. నొప్పి మందు ముందే ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగి, ఇప్పుడు నొప్పి పదికి ఎంత అని అడిగి, ఆవిడ ఊ అన్నాకే మొదలుపెట్టేదాన్ని. పుండుకి అంటుకుపోయిన గాజ్ గుడ్డను లాగకుండా సెలైన్‌తో నానబెట్టాలి, అవసరమైతే ఆపి డాక్టర్‌ని పిలవాలి. ఇదంతా వరసగా చెప్పండి, జనరల్ వార్డులో మీరు చేసిన డ్రెస్సింగ్‌లే ఇక్కడ మీకు అండ.

మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) గురించి కూడా అడగొచ్చు, ముఖ్యంగా పెళ్లై 7 ఏళ్లు నిండని అమ్మాయి కాలి వస్తే. పేషెంట్ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, టైమ్‌తో రాయాలి, పక్కనున్న బంధువులు చెప్పింది ఆవిడ మాటగా రాయకూడదు.

ఏపీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అయితే తమిళనాడుకి మార్చుకునే సంగతి ముందే కనుక్కోండి. చివర్లో మీరూ ఒకటి అడగండి, నైట్ డ్యూటీలో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు అని.