సర్జన్‌నే కదా, కారుకు ఎరుపు-నీలం లైట్లు పెట్టుకోకూడదా?

ప్రశ్న: నేను ప్రైవేట్ ఆస్పత్రిలో సర్జన్‌ని. అర్ధరాత్రి కూడా అర్జెంటు కేసులకు పిలుస్తుంటారు. అందుకే కారు గ్రిల్ లోపల ఎరుపు, నీలం ఫ్లాషర్లు, చిన్న సైరన్ పెట్టించాను. మొన్న తనిఖీలో ట్రాఫిక్ ఎస్సై ఆపి ఫొటోలు తీశారు. అప్పుడు లైట్లు వెలగడం లేదు కూడా. పోలీసు బండిలా ఉందని క్రిమినల్ కేసు పెట్టొచ్చన్నారు. షాపుల్లో బాహాటంగా అమ్ముతున్నారు కదా! డాక్టర్లకు మినహాయింపు లేదా?

జవాబు: లేదండీ. చట్టం మినహాయింపు ఇచ్చింది బండికి, ఆ బండికి అప్పగించిన డ్యూటీకి. నడిపేవారి వృత్తికి కాదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 108వ నిబంధన ప్రకారం ఏ వాహనమూ ముందు వైపు ఎర్ర లైటు చూపకూడదు. ఒకప్పుడు ప్రముఖుల బుగ్గ కార్లకు మినహాయింపు ఉండేది. 2013 డిసెంబరులో అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని బాగా కుదించింది. 2017 మే 1 నుంచి కేంద్రం పూర్తిగానే ఎత్తేసింది. ప్రధాని కారు మీదే బుగ్గ లేనప్పుడు మనం అడగడానికేముంది? ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైట్లు ఇప్పుడు అగ్నిమాపక వాహనాలకు, శాంతిభద్రతల విధుల్లో ఉన్న పోలీసు, రక్షణ, పారామిలిటరీ వాహనాలకు, విపత్తు నిర్వహణ వాహనాలకే. అదీ డ్యూటీలో ఉన్నప్పుడే. రవాణా శాఖ ఇచ్చిన స్టిక్కర్ అద్దం మీద ఉండాలి. అంబులెన్సుకు విడిగా అనుమతి ఉంది గానీ, అది రోగిని తీసుకెళ్లే బండికి. రోగి దగ్గరకు వెళ్లే డాక్టరు కారుకు వర్తించదు.

లైట్లు వెలగలేదన్నారు. నిబంధనలో ఉన్న మాట 'చూపకూడదు' కాబట్టి, 108వ నిబంధన ఒక్కటే రాసిన చలానా అయితే వాదించడానికి కాస్త చోటుంది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) బిగించడాన్నే పట్టుకుంటుంది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైట్లు ఒక మార్పు, సైరన్ ఇంకొకటి అని లెక్క కట్టవచ్చు. సైరన్ అదే 1989 నిబంధనల్లో హారన్ల గురించి చెప్పే 119వ నిబంధనకూ విరుద్ధమే. షాపులో దొరికింది గనక రోడ్డు మీద వాడొచ్చని కాదు; బిల్లు చూపిస్తే చలానా ఆగదు.

క్రిమినల్ కేసు మాటకొస్తే, మీరు చెప్పినంత వరకే జరిగి ఉంటే భయపడనక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 204 వర్తించాలంటే ప్రభుత్వోద్యోగినని నటించి, ఆ హోదాలో ఏదో ఒక పని చేసి ఉండాలి, కనీసం చేయబోయి ఉండాలి. లైట్లు వేసుకుని ఎవరి బండినైనా ఆపినా, టోల్‌గేటు దగ్గర పోలీసునని చెప్పి దాటినా ఆ సెక్షన్ కిందికి వస్తారు. దానికి కనీస శిక్షే ఆరు నెలలు.

ముందు లైట్లు, సైరన్, వాటి వైరింగు, డ్యాష్‌బోర్డు మీది స్విచ్ అన్నీ తీయించి మెకానిక్ దగ్గర రసీదు తీసుకోండి. చలానాలో ఏ సెక్షన్ రాశారో చూడండి. మోటారు వాహనాల చట్టంలో సాధారణ ఉల్లంఘనలకు వేసే సెక్షన్ 177 మాత్రమే అయితే మొదటిసారి జరిమానా 500 వరకే, కట్టేయడం మేలు. 182ఎ(4) రాసి ఉంటే కాంపౌండింగ్ (కోర్టుకు వెళ్లకుండా డబ్బు కట్టి కేసు ముగించుకోవడం) మొత్తం ఎంతో మీ రాష్ట్ర నోటిఫికేషన్‌లో చూసుకోండి. అన్నట్టు, అద్దం మీద ఎర్ర శిలువ గుర్తు ఉంటే అదీ పీకేయండి. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం డాక్టర్లు కూడా దాన్ని సొంతానికి వాడకూడదు.