నాన్న కాళ్లలో సత్తువ బిళ్లలతో తిరిగి వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బత్తాయి తోట కౌలుకిచ్చినప్పటి నుంచి ఇంటిపట్టునే ఉంటున్నారు. తొడలు సన్నబడ్డాయి. మంచం మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ పట్టెకు ఊనాల్సి వస్తోంది. షుగర్ అదుపులోనే ఉంది. మైటోకాండ్రియాను బాగుచేస్తాయంటూ యూరోలిథిన్ బిళ్లలను ఒకరు సూచించారు. ఖరీదెక్కువ. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీరు రాసిన లక్షణాలు వయసుతో కండ తరిగిపోయే సార్కోపీనియాను తలపిస్తున్నాయి. కండర కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ అందులో లోపాలు పేరుకుంటాయి. పాడైన మైటోకాండ్రియాను విడగొట్టి తొలగించి, కొత్తవి తయారుచేసుకునే పని కూడా కణంలో మందగిస్తుంది. దీనికి కదలిక తగ్గడం తోడైతే కండ మరింత వేగంగా కరుగుతుంది. తోట పని మానేయడం కూడా మీ నాన్నగారి విషయంలో పెద్ద కారణమే అయి ఉంటుందని నా అభిప్రాయం.

దానిమ్మ, వాల్‌నట్ వంటి వాటిలోని పదార్థాల నుంచి కొందరి పేగుల్లోని బాక్టీరియా యూరోలిథిన్‌ను తయారుచేస్తుంది. పాడైన మైటోకాండ్రియా తొలగింపును అది చురుకు చేస్తుందని 2016లో పురుగులలో, ఎలుకలలో గమనించారు. 2022లో వెలువడిన పరీక్షలో 65 ఏళ్లు దాటిన 66 మందిలో కొందరికి రోజుకు 1000 మిల్లీగ్రాముల యూరోలిథిన్‌ను, మిగతావారికి మందులేని బిళ్లలను నాలుగు నెలలపాటు ఇచ్చారు. యూరోలిథిన్ వాడినవారి చేతి, కాలి కండరాలు అలసట లేకుండా ఎక్కువసేపు పనిచేసినా, ఆరు నిమిషాల్లో నడిచే దూరంలో గానీ, కండరంలో గరిష్ఠ శక్తి ఉత్పత్తిలో గానీ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత డబ్బు దీనిపై పెట్టమని నేను చెప్పలేను.

వ్యాయామానికి ఉన్న ఆధారం ఇంతకంటే ఎంతో బలమైనది. పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపవుతుందని 1967లోనే జాన్ హోలోజీ చూపారు. 1990లో తొంభయ్యో పడి చుట్టూ ఉన్న వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించగా, వారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. కాబట్టి నాన్నగారిని గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీపై కట్టుకుని లేచి కూర్చోమనండి. ఐదుసార్లకు 12 సెకన్లు, అంతకుమించి పడితే ఆసియా నిపుణుల 2019 ప్రమాణం ప్రకారం బలహీనత ఉన్నట్టే. ఇదే కదలికను రోజు విడిచి రోజు చేయిస్తూ, మొదట కుర్చీ చేతుల ఆసరా తీసుకోనిచ్చి, తర్వాత ఆసరా తగ్గించి, అలవాటయ్యాక చేతుల్లో చిన్న బరువులు పెట్టవచ్చు. దీనికి రోజూ కాస్త వేగంగా నడక జోడించండి. మొదలుపెట్టే ముందు గుండె, బీపీ ఒకసారి చూపించండి.

జొన్నరొట్టె ఒక్కటే కండకు చాలదు. కిడ్నీలు బాగున్న వృద్ధులకు బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అవసరం. దానిని గుడ్డు, పప్పు, పెరుగు, పల్లీల రూపంలో మూడు పూటలకూ పంచండి. షుగర్ ఉంది కనుక ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

మీ నల్గొండ జిల్లాలో మరొకటి కూడా చూడాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఉన్న బోరునీరు తాగినవారికి నడుము, కీళ్లు బిగుసుకుపోయి లేవడం కష్టమవుతుంది. ఆయనకు బలహీనత కంటే బిగుతు, నొప్పి ఎక్కువగా ఉంటే, వ్యాయామం మొదలుపెట్టక ముందే ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి.