పాపను నిద్రపుచ్చడానికి సిరప్ వద్దు, ముందు విరేచనాల సంగతి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. బాబుకు నాలుగున్నరేళ్ళు, పాపకు 20 నెలలు. వచ్చే శనివారం కారులో హైదరాబాద్ వెళ్ళి పిల్లలకు ఒక రోజు రామోజీ ఫిల్మ్ సిటీ, మరో రోజు వండర్‌లా చూపించాలనుకుంటున్నాం. ఈ వయసు పిల్లలు ఏ రైడ్లు ఎక్కవచ్చు? తినడానికి ఏం తీసుకెళ్ళాలి? పాపకు కారు ప్రయాణం పడదు. మొన్న ఆదివారం గుంటూరు వెళ్ళి వస్తుంటే రెండుసార్లు వాంతి చేసుకుంది. అప్పటి నుంచి రోజుకు నాలుగైదుసార్లు పల్చగా విరేచనం అవుతోంది. పళ్ళు వస్తున్నాయి కాబట్టి అనుకుంటున్నాం. మా ఆడపడుచు తన పిల్లలకు ప్రయాణాల్లో ఒక జలుబు సిరప్ వేస్తుంది, హాయిగా నిద్రపోతారట. అది మా పాపకు ఎన్ని మిల్లీలీటర్లు వేయాలి? టికెట్లు కొనేశాం. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ సిరప్ ఒక్క చుక్క కూడా వేయకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. మీరు అడగకుండా దాటేసిన విషయం ఒకటుంది, ముందు దాని గురించి మాట్లాడుకోవాలి. ఇరవై నెలల పిల్లకు ఆదివారం నుంచి విరేచనాలు అవుతున్నాయి. దాన్ని పళ్ళ ఖాతాలో వేసేశారు.

రెండేళ్ళ లోపు పిల్లల్లో ప్రయాణ వాంతులు అరుదు. ఆ ఇబ్బంది సాధారణంగా రెండేళ్ళు దాటాక మొదలవుతుంది, ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ఇరవై నెలల పాప కారులో వాంతి చేసుకుని, అదే రోజు నుంచి విరేచనాలు కూడా మొదలైతే, కారు పడలేదని నేను అనుకోను. పేగుల్లో ఇన్ఫెక్షన్ ఏమోనని మొదట అనుమానిస్తాను. వాంతి కారులో కావడం కాకతాళీయం కావచ్చు. పాపను చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఖాయం చేయాల్సింది మీ ఊళ్ళో ఆమెను పరీక్షించే డాక్టరు.

పళ్ళు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగుళ్ళు సలుపుతాయి, పిల్లలు చిరాకు పడతారు. రోజుకు నాలుగైదు నీళ్ళ విరేచనాలు మాత్రం పళ్ళ వల్ల రావు. ఆ వయసులో దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటారు, సూక్ష్మజీవులు లోపలికి చేరేది ఆ దారిలోనే. పళ్ళు వస్తున్నాయనుకుని నాలుగు రోజులు ఊరుకుని, అయిదో రోజు కళ్ళు లోపలికి పోయిన బిడ్డను ఎత్తుకొచ్చే తల్లిదండ్రులను ప్రతి వేసవిలోనూ చూస్తుంటాం. అప్పుడు సెలైన్ ఎక్కించడానికి నరం దొరకడం కూడా కష్టమవుతుంది. మొదటి రోజే ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఉంటే వాళ్ళలో చాలామందికి ఆసుపత్రిలో చేరే అవసరమే ఉండదు.

కాబట్టి ఈరోజే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. 20.5 గ్రాముల పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం పొడిని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. చిన్న ప్యాకెట్ అయితే దాని మీద ఎన్ని నీళ్ళని రాశారో అన్ని. గ్లాసులో కొంచెం పొడి వేసి రుచి చూసి ఇచ్చే అలవాటు మానుకోండి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు ఎక్కువై ప్రమాదం, పల్చగా కలిపితే ప్రయోజనం తక్కువ. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. ఈ వయసుకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు తాగుతుంటే ఆపకండి. పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు తింటానంటే పెట్టండి. పస్తు పెట్టవద్దు. జింక్ సిరప్ సాధారణంగా 14 రోజులు ఇస్తాం, దాన్ని మీ డాక్టరు రాస్తారు.

కొనేటప్పుడు అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తియ్యటి పానీయాలు ఏళ్ళ తరబడి మన మందుల షాపుల్లో నిలిచాయి. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళపాటు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అయినా అట్ట చదవకుండా కొనకండి.

ఇక మీ ఆడపడుచు గారి సిరప్. పేరు రాయలేదు. ప్రయాణంలో పిల్లలను నిద్రపుచ్చడానికి మన ఇళ్ళలో వాడేవి ఎక్కువగా రెండు రకాలు. మొదటిది ప్రోమెథజైన్ అనే అలర్జీ మందు. రెండేళ్ళ లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. ఊపిరి మందగించి ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం ఉంది. రెండోది క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు. ఈ మిశ్రమాన్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని, ఆ హెచ్చరిక సీసా మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. మీ పాప రెండు గీతలకూ ఇవతలే ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయిన సంగతి మీరూ చదివే ఉంటారు. అక్కడ మందులో విషపదార్థం కలిసింది, అది వేరే ప్రమాదం. కానీ ఆ తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ వైద్యులకు పంపిన సూచన మంచి మందుకూ వర్తిస్తుంది: రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు, అయిదేళ్ళ లోపు సాధారణంగా వద్దు.

మీ ఆడపడుచు పిల్లలకు ఏమీ కాలేదు కదా అంటారు. వాళ్ళ వయసు వేరు, బరువు వేరు. పైగా వాళ్ళకు అప్పుడు విరేచనాలు లేవు. నేను ఎక్కువగా భయపడేది దానికే. ఒంట్లో నీరు తగ్గిపోతున్న బిడ్డ మనకు ఇచ్చే మొదటి పెద్ద హెచ్చరిక మగతగా ఉండటం. వడదెబ్బ తగిలినా అంతే. మత్తు మందు వేసిన పిల్ల వెనక సీట్లో కదలకుండా పడుకుంటే, హాయిగా నిద్రపోతోందని మీరు సంతోషిస్తారు. అది మందు నిద్రో, ఒళ్ళు వాలిపోయిన మగతో డాక్టరునైన నేను కూడా తేలిగ్గా తేల్చలేను. నిద్రపోయే పిల్ల నీళ్ళు అడగదు, తాగదు. ఈ మందులకు మరో గుణం కూడా ఉంది. ఇవి చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. రోహిణి ఎండల్లో ఒంటిని చల్లబరిచే దారిని మీరే మూసేసినట్లవుతుంది. కొందరు పిల్లల్లో నిద్రకు బదులు విపరీతమైన పెంకితనం, ఏడుపు వస్తాయి. అప్పుడు చాలలేదనుకుని ఇంకో చెంచా పోసేవాళ్ళున్నారు. దయచేసి అలా ఎప్పుడూ చేయకండి.

అలాగే విరేచనాలు ఆపే మాత్రలు, ఫ్రిజ్‌లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా వద్దు. ఆ మాత్రల్లో ఉండే లోపెరమైడ్ రెండేళ్ళ లోపు వాడకూడని మందు. నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ చాలావాటికి వారంతోనే గడువు అయిపోతుంది. పైగా పిల్లల నీళ్ళ విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు.

విరేచనంలో రక్తం కనిపించినా, ఆరు గంటలపాటు డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, నాలుక పిడచకట్టుకుపోయినా, తాగిందల్లా వాంతి చేసుకుంటున్నా, మగతగా ఉన్నా శనివారం దాకా ఆగవద్దు. రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మరి ప్రయాణం? శనివారం నాటికి వాంతులు లేకుండా, కనీసం ఒక పూర్తి రోజు విరేచనాలు మామూలుగా ఉండి, పాప ఎప్పటిలా ఆడుకుంటూ తింటుంటే, డాక్టరు సరేనంటే వెళ్ళవచ్చు. లేకపోతే వాయిదా వేయండి. టికెట్ల డబ్బు గురించి మీరు రాసింది నాకు అర్థమైంది. తేదీ మార్చడానికి వీలుందేమో ఫోను చేసి అడగండి. అదీ కుదరకపోతే పాపను అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచి, మీలో ఒకరు బాబును తీసుకెళ్ళండి.

వెళ్ళినా పాపను నీళ్ళ కొలనుల్లో దించవద్దు. ఇది ఆమె కోసమే కాదు, అక్కడికి వచ్చే మిగతా పిల్లల కోసం కూడా. విరేచనాలకు కారణమయ్యే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ కలిపిన నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఈత డైపర్ వేశాం కదా అనుకోవద్దు, అది సూక్ష్మజీవులను ఆపదు. విరేచనాలు తగ్గిన తరువాత కూడా రెండు వారాలు కొలనుకు దూరంగా ఉంచమని నేను చెబుతాను. బాబు దిగితే నీళ్ళు మింగకూడదని చెప్పండి. చేయి చాచితే అందేంత దూరంలో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. ఆ సమయంలో ఫోను చేతిలో వద్దు. పిల్లలు నీళ్ళలో మునిగేటప్పుడు కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు. గాలి నింపి చేతులకు తొడిగేవి ఆట వస్తువులు, ప్రాణరక్షణ సాధనాలు కావు.

రైడ్ల గురించి మీరు అడిగినదానికి జవాబు చిన్నదే. పెద్ద రైడ్లకు అక్కడే ఎత్తు కొలుస్తారు. నాలుగున్నరేళ్ళ బాబు ఎత్తు సుమారు 105 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి పిల్లల విభాగంలోవే అతనికి సరిపోతాయి. సిబ్బంది వద్దంటే వాదించకండి. బడికి వెళ్ళే పిల్లాడేనని ఒప్పించి ఎక్కించినా, పట్టీ భుజాలకు సరిగ్గా ఆనకపోతే అది అతన్ని పట్టి ఉంచలేదు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల దిగడం మాత్రం చేయవద్దు. చాలామందికి ఇది ప్రమాదమని తెలియదు. బిడ్డ పాదం పక్క అంచుకు తగులుకుంటుంది, పెద్దవాళ్ళ బరువు మాత్రం కిందికి జారుతూనే ఉంటుంది, మోకాలి కింది ఎముక మెలిపడి విరుగుతుంది. ఒంటరిగా జారితే పాదం తగిలినా సాధారణంగా అక్కడే ఆగిపోతారు. జాగ్రత్త కోసం ఒళ్ళో పెట్టుకున్న తల్లిదండ్రులే ఆ తరువాత ఎక్కువ బాధపడతారు.

ఎండ విషయం. విజయవాడ నుంచి వచ్చే దారిలోనే ఫిల్మ్ సిటీ తగులుతుంది కాబట్టి, నాలుగైదు గంటలు కారులో కూర్చుని నేరుగా మిట్టమధ్యాహ్నం అందులో దిగేవాళ్ళు చాలామంది. అలా చేయవద్దు. ఆ రోజు విశ్రాంతి తీసుకుని మరుసటి ఉదయం గేట్లు తెరిచే వేళకు చేరండి. పన్నెండు నుంచి నాలుగు వరకు పిల్లలను నీడలో, వీలైతే ఏసీ ఉన్న చోట ఉంచండి. తోపుడు బండి మీద పల్చటి గుడ్డ కప్పినా లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది, గొడుగు పట్టండి. ఆపిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరగవచ్చు, నిద్రపోతోంది కదా అని పాపను అందులో వదిలి టికెట్ల దగ్గరకు వెళ్ళవద్దు. ఒళ్ళు కాలిపోతూ, మగతగా, అర్థం లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. పారాసిటమాల్‌తో ఆ వేడి తగ్గదు. బట్టలు తీసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి. మగతలో ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోయకండి.

తిండికి ఇంట్లో చేసిన ఇడ్లీ, చపాతీ, అరటిపళ్ళు చాలు. ఎండలో పెరుగన్నం మధ్యాహ్నం దాటితే పెట్టవద్దు. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వకపోవచ్చు, పసిపిల్లల కోసమని ముందుగా అడగండి. కోసి పెట్టిన పళ్ళు, ఐసు వేసిన రసాలు కొనవద్దు. పాప్‌కార్న్, వేరుశెనగలు, శెనగలు నాలుగేళ్ళ లోపు పిల్లలకు పెట్టకండి, గొంతులో అడ్డుపడి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. బాబుకు పెట్టినా కూర్చోబెట్టే పెట్టండి, పరుగెత్తుతూ తిననివ్వకండి. అతనికి కారులో కడుపు తిప్పే అలవాటుంటే బండి ఎక్కే ముందు తేలిగ్గా పెట్టండి, ఫోను చేతికివ్వకండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి.

ఇది చూడకుండా ఇచ్చిన సలహా మాత్రమే, పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. పాప బరువు మీరు రాయలేదు, జ్వరం ఉందో లేదో కూడా రాయలేదు. రేపు ఉదయం పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఆదివారం నుంచి ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, చివరిసారి డైపర్ ఎప్పుడు తడిసిందో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. ఆ సిరప్ ఇప్పటికే ఒకసారి వేసి ఉంటే దాచకుండా చెప్పి, సీసా కూడా చూపించండి.