గోడలన్నీ మెరిశాయి, నాకే ఏమీ అనిపించలేదు!

ప్రశ్న: మొన్న హైదరాబాద్‌లో ఇమ్మర్సివ్ ఆర్ట్ షో అంటే వెళ్లామండీ. పెద్ద హాలు, గోడల మీదా నేల మీదా ప్రొజెక్టర్లతో పాత పెయింటింగులు కదులుతుంటాయి, పైన మ్యూజిక్. పిల్లలు సెల్ఫీలు, మా ఆయన వీడియో, మా అత్తగారేమో ఓ మూల కింద కూర్చుని చీర మీద పడే రంగుల్నే చూసుకుంటూ అరగంట లేవలేదు. నాకు మాత్రం టికెట్ డబ్బులే గుర్తొచ్చాయి. ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటే ఇదేనా, లేక నాకే టేస్ట్ లేదా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: టేస్ట్‌కేం లోటు లేదమ్మా. ఎప్పుడో కాన్వాస్ మీద వేసిన బొమ్మని పెద్దది చేసి నాలుగు గోడలకీ వేయడం నా లెక్కలో సినిమానే, కాకపోతే కుర్చీలుండవు. ఇన్‌స్టలేషన్ అలా కాదు, ఆ గది కోసమే పుడుతుంది, మనం లోపలికి అడుగుపెడితే గానీ పూర్తవదు.

2016 డిసెంబర్‌లో మొదలైన కొచ్చి బినాలేకి, అంటే రెండేళ్లకోసారి పెట్టే పెద్ద ఆర్ట్ ప్రదర్శనకి, నేనూ వెళ్లాను. ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ అని సముద్రం పక్కనే పాత బిల్డింగు, అందులో గోదాం లాంటి పొడవాటి గదిని చిలీ కవి రౌల్ జురిటా సముద్రపు నీళ్లతో నింపేశారు, పేరు 'సీ ఆఫ్ పెయిన్'. చెప్పులు బయట వదిలి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని దిగాలి. గోడల మీద, వినబడట్లేదా, కనబడట్లేదా అన్నట్టు చిన్న చిన్న ప్రశ్నలు, అంతే. అవతలి గోడ మీద ఓ కవిత ఉంది గానీ ఇవతల నుంచి చదవలేం, నీళ్లలో నడిచి వెళ్లాల్సిందే. నేను కూడా మొదట్లో ఇదేం గోలరా అనుకున్నా, సగం దూరం వెళ్లాక ఎందుకో నడక నెమ్మదైపోయింది. ఆ కవిత గాలిప్ కుర్దీ అనే సిరియా పిల్లాడి గురించి. 2015లో టర్కీ ఒడ్డున బోర్లా పడున్న పసివాడి ఫోటో చూసే ఉంటారు, వాడు అలన్, వాడి అన్నే గాలిప్, వాడూ ఆ రోజే మునిగిపోయాడు. వాడి ఫోటో మీకు గుర్తుందా? నాకూ లేదు. ఆ సంగతి పేపర్లో చదవడం వేరు, కాళ్లు ఉప్పునీళ్లలో ఉండగా చదవడం వేరు.

అన్నీ ఇంత బరువుగా ఉండాలనేం లేదులెండి. 2003లో లండన్ టేట్ మోడర్న్‌లో, ఒకప్పటి పవర్ హౌస్, ఇప్పుడు ఆర్ట్ మ్యూజియం అది, ఓలాఫర్ ఎలియాసన్ అనే ఆర్టిస్టు పెద్ద సూర్యుణ్ని పెట్టారు, నిజానికి సగం సూర్యుడే, పైకప్పంతా అద్దం కాబట్టి మిగతా సగం అందులో కనబడేది. జనం నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులూ కాళ్లూ ఊపుతూ పైన అద్దంలో తాము ఎక్కడున్నామో వెతుక్కునేవాళ్లట! పడుకోండని బోర్డేం పెట్టలేదు. ఆర్నెల్లలోపే 20 లక్షల మందికి పైగా వచ్చారు.

మీ ఇంట్లో ఆ పని చేసింది మీ అత్తగారేనండీ. చీర మీద ఏం కనబడిందో ఆవిణ్ని అడిగారా?